ఆకుతోట అడిగే నీరు, రాగిచేను ఓర్చే ఎండ

ధర్మపురి జిల్లాలో కడత్తూరు పేరెత్తితే తమలపాకుల సంత గుర్తొస్తుంది. చుట్టుపక్కల ఊళ్లలో కోసి, కట్టలు కట్టి, మూటలుగా తెచ్చిన ఆకు అక్కడ చేతులు మారుతుంది. పెళ్లి ముహూర్తాలు ఉన్న రోజుల్లో ధర లేస్తుంది, లేని రోజుల్లో దిగుతుంది.

ఆ ఆకు పుట్టే తోటలోకి ఒక్కసారి అడుగుపెట్టి చూడాలి. బయట మెట్టచేలు ఎండకు మాడుతున్నా లోపల నేల చెమ్మగా, గాలి చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం ఊరికే వచ్చింది కాదు. తమలపాకు నీడను, తేమను కోరే తీగ. అందుకే రైతు ముందు అవిశ విత్తనం వేస్తాడు. మొక్కలు ఎదిగాక వాటి మొదళ్లలో తీగ నాటి, పైకి పాకించి కడతాడు. ఎప్పటికప్పుడు కొమ్మలు కోస్తూ, నీడ ఎంత కావాలో అంతే పడేట్టు చూస్తాడు. కాలవల్లో తడి ఆరనివ్వడు. మెట్టసీమ నడుమ ఆ తీగ కోసం తన చేతులతో ఒక చిన్న వాతావరణాన్నే కట్టుకుంటాడు.

తమలపాకు కడుపు నింపే పంట కాదు, నిజమే. కానీ వాతావరణ మార్పుకూ పంటకూ ఉన్న ముడి అర్థం కావడానికి ఈ తోట కన్నా మంచి చోటు నాకు కనబడలేదు. బయటి వాతావరణం చెడితే లోపల కట్టుకున్న చల్లదనం నిలవదు. వడగాలికి ఆకు అంచులు మాడతాయి. కుండపోత కురిసి నీరు నిలిస్తే వేరు కుళ్లి తీగ వాడుతుంది. ఇది ముడిలో ఒక పోగు. రెండో పోగు కంటికి కనబడదు. తోటను చల్లగా ఉంచాలంటే భూమి అడుగు నుంచి నీరు తోడాలి. తోడాలంటే కరెంటు కావాలి, కరెంటుకు ఎక్కడో బొగ్గు కాలాలి. ఆ పొగ పైకి పోయి బయటి ఎండను మరి కాస్త పెంచుతుంది. ఎండ పెరిగితే తోట ఇంకొక తడి అడుగుతుంది.

కడత్తూరు పాప్పిరెడ్డిపట్టి ప్రాంతంలోని పట్టణ పంచాయతీ. ఈ పక్క ఊరి పేర్లలోనే రెడ్లు కనిపిస్తారు. తెలుగు మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. కావేరి ఈ జిల్లా పడమటి అంచున హొగేనక్కల్ దగ్గర దూకుతుంది గానీ, ఏరు లోతున పారుతుంది, చేలు ఎత్తున ఉన్నాయి. ఏటి మిగులు నీటిని ఎత్తిపోసి మా చెరువులు నింపండి అని ఇక్కడి రైతులు ఎంతో కాలంగా అడుగుతున్నారు. కాబట్టి ఇక్కడి సేద్యానికి పైనుంచి పడే వాన, కింద బావిలో ఊరే నీరు, ఈ రెండే దిక్కు. నైరుతి, ఈశాన్యం రెండు రుతుపవనాలూ కొద్దికొద్దిగా తడిపి పోయే నేల ఇది. ఆడి మాసంలో విత్తనం పడాలన్నది తమిళ రైతు లెక్క. మృగశిర, ఆరుద్ర కార్తెలు చూసుకోవడం తెలుగు రైతు లెక్క. రెండు లెక్కలూ ఒకే వాన కోసం వేసినవి.

ఆ వాన లెక్క తప్పుతోంది. 2016లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తమిళనాడులో కురవాల్సిన ఈశాన్య వర్షంలో 62 శాతం కొరత పడింది. 2017 జనవరిలో ప్రభుత్వం రాష్ట్రంలోని అన్ని జిల్లాలనూ కరవు జిల్లాలుగా ప్రకటించింది. 2024లో ఇది పూర్తిగా తిరగబడింది. నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన ఫెంగల్ తుపాను లోపలికి వచ్చి నిలబడింది. డిసెంబరు 2 ఉదయంతో ముగిసిన 24 గంటల్లో పొరుగు జిల్లా కృష్ణగిరిలోని ఊత్తంగరైలో 50 సెంటీమీటర్లు, కడత్తూరుకు పక్కనే ఉన్న అరూరులో 33 సెంటీమీటర్లు కురిసింది. ఏడాది పొడవునా పడాల్సిన వానలో సగానికి పైగా ఊత్తంగరైలో ఒక్క రోజులో పడింది.

ఒక్క తుపానునో ఒక్క కరవునో చూపించి ఇది వాతావరణ మార్పు చేసిన పని అనడం సరికాదు. కరవులు, తుపానులు మన తాతలూ చూశారు. అయితే వెనకనున్న లెక్క ఒకటి తెలుసుకోవాలి. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. వాన లేని రోజుల్లో ఆ దాహం గల గాలి నేలలోని చెమ్మను, ఆకుల్లోని నీటిని ఎక్కువగా లాక్కుంటుంది. వాన వచ్చిన రోజున మోసుకొచ్చినదంతా ఒక్కసారిగా కుమ్మరిస్తుంది. కరవు ముదరడం, కుండపోత ముదరడం ఒకదానికొకటి విరుద్ధం అనిపిస్తుంది గానీ, రెండింటికీ తల్లి ఆ వేడి గాలే. పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. ఇప్పుడది 420 దాటింది. 2024లో భూమి సగటు వేడి, 1850-1900 నాటి సగటు కన్నా సుమారు 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క తేల్చింది.

ఒకటిన్నర డిగ్రీలే కదా అనిపించవచ్చు. మనిషి నీడకు పోతాడు, మొక్క పోలేదు. వరి పూత మీద ఉన్నప్పుడు ఎండ 35 డిగ్రీలు దాటి ఒకటి రెండు గంటలు నిలిస్తే చాలు, పుప్పొడి పనిచేయక గింజ తాలుగా పోతుంది. రాత్రి వేడి ఇంకా మోసకారి. పగలు ఆకు వండుకున్నదాన్ని మొక్క రాత్రి ఊపిరి కోసం కొంత ఖర్చు చేస్తుంది. రాత్రి వెచ్చగా ఉంటే ఆ ఖర్చు పెరిగి గింజకు చేరేది తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తన పొలాల్లో పాతికేళ్ల లెక్కలు తీసి 2004లో ప్రకటించిన సంగతి ఇది: ఎండాకాలపు పంటలో రాత్రి కనిష్ఠ వేడి ఒక డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి దాదాపు 10 శాతం తగ్గింది.

టమాటా సంగతి చెప్పనక్కర్లేదు. ఈ జిల్లాలోని పాలక్కోడు టమాటాకు పేరుమోసిన చోటు. పగలు 35 డిగ్రీలు దాటి రాత్రీ చల్లబడకపోతే పూత రాలిపోతుంది. ఇక కాయ పండే వేళ వాన పట్టుకుంటే మచ్చలు, కుళ్లు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా వంద రూపాయలు దాటి పైపైకి పోయింది. కాపు విరివిగా వచ్చినప్పుడు అదే పండు కోత కూలి కూడా రాక చేలోనే మిగిలిపోతుంది. కొనేవాడికీ పండించేవాడికీ మధ్య ఈ ఊగిసలాట పెరగడమే వాతావరణ మార్పు మన సంచీ దాకా వచ్చే తీరు. మామిడీ అంతే. ధర్మపురి, కృష్ణగిరి తోటల్లో చలికాలంలో పూత వస్తుంది, ఆ వేళ అకాల వాన పడితే ఏడాది ఫలం పోయినట్టే.

ఇంతవరకు వాతావరణం పంటను ఏం చేస్తోందో చెప్పుకున్నాం. పంట వాతావరణాన్ని ఏం చేస్తోందన్నది రెండో సగం, మనం తక్కువగా మాట్లాడుకునే సగం. మనిషి పనుల వల్ల గాలిలో చేరే వేడివాయువుల్లో 21 నుంచి 37 శాతం దాకా తిండి దారిలోనే పుడుతున్నాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం 2019 నివేదిక చెప్పింది. అడవి నరికి చేను చేయడం మొదలుకొని ఎరువు, పశువులు, మర, లారీ, వంట, చివరకు కుప్పలో పారేసిన అన్నం దాకా అన్నీ అందులోకి వస్తాయి.

వరిమడిలో కాలు పెట్టినవారికి తెలుసు, బురదలోంచి బుడబుడమని బుడగలు పైకొస్తాయి. అందులో ఉండేది ఎక్కువగా మీథేన్. మడిలో నీరు నిలిచి ఉంటే మట్టికి గాలి అందదు. గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు కుళ్లిన గడ్డినీ వేళ్లనూ తిని ఆ వాయువును వదులుతాయి. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే కిలో మీథేన్ కిలో కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 80 రెట్లు వేడి పుట్టిస్తుంది. ఆవు, గేదె నెమరు వేస్తూ తేన్చే గాలిలోనూ ఇదే ఉంది. యూరియాది మరో దారి. చల్లిన నత్రజనిలో సగం కూడా చాలాచోట్ల మొక్కకు అందదు. మిగిలినదాంట్లో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా మారి గాలిలో కలుస్తుంది. అది నూరేళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్‌కు 270 రెట్ల పైమాటే.

ఈ అంకెలు చూపి రైతును దోషిగా నిలబెట్టేవారితో నాకు పేచీ ఉంది. బొగ్గు, చమురు కాల్చగా వచ్చే కార్బన్ డయాక్సైడ్ తలకు ఎంతని చూస్తే, సగటు భారతీయుడిది సగటు అమెరికావాసి వాటాలో ఏడో వంతుకు అటూఇటూ. ధర్మపురి మెట్టరైతుది అందులోనూ ఎంత? గేదెను కట్టేసి పాలు పోసి పిల్లల్ని చదివించుకుంటున్న ఇల్లాలి ముందు మీథేన్ లెక్క విప్పడం న్యాయం కాదు. అయినా ఆ లెక్క రైతుకు తెలియాలనే అంటాను. ఎందుకంటే గాలిలోకి పోతున్న యూరియా ఆయన డబ్బే, ఊరికే నిలబెట్టిన నీరు ఆయన బావిదే.

నీటి లెక్క ఒకటి మనమే వేసుకుందాం. ఎకరం నేలకు రెండంగుళాల తడి ఇవ్వాలంటే సుమారు 2 లక్షల లీటర్ల నీరు కావాలి. బావిలో నీరు 40 అడుగుల లోతున ఉంటే, మోటారులో పోయే నష్టాలు కలుపుకొని ఆ నీరు పైకి తేవడానికి 16, 17 యూనిట్ల కరెంటు చాలు. అదే నీరు 600 అడుగుల బోరులోంచి రావాలంటే దాదాపు 250 యూనిట్లు పడుతుంది. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్ కరెంటుకు సగటున 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతోంది. అంటే ఒక్క ఎకరానికి, ఒక్క తడికి, 175 కిలోలు. కపిల తోలి నీరు పెట్టిన రోజుల్లో ఎద్దులకు గడ్డి తప్ప మరో ఇంధనం లేదు. తమిళనాడులో వ్యవసాయ కరెంటుకు బిల్లు లేదు కాబట్టి ఈ తేడా రైతు జేబుకు తెలియదు. పొరుగునే ఉన్న మేట్టూరు థర్మల్ కేంద్రంలో బొగ్గు మాత్రం కాలుతూనే ఉంటుంది.

లోతుకు పోయేకొద్దీ ఇంకో ఆపద ఉంది. ఈ జిల్లా కింద ఉన్నది గట్టి రాయి. అందులో ఫ్లోరైడ్ ఉంది. రాతి పగుళ్లలో ఎన్నో ఏళ్లు నిలిచిన నీటిలో అది కరుగుతుంది. పళ్లు గారపట్టడం, ఎముకలు బిగుసుకుపోవడం ఇక్కడి పల్లెలకు పాత వ్యథ. మన నల్గొండ పల్లెలు పడిన వ్యథే. జపాన్ సాయంతో కట్టిన హొగేనక్కల్ తాగునీటి పథకం 2013లో మొదలై కావేరి నీటిని ఇళ్లకు తెచ్చింది. తాగడానికి ఏరు దొరికింది గానీ పొలానికి ఇప్పటికీ బోరే.

ఇలా బోరు లోతుకు తవ్వుకుంటూ పోయే బతుకు ఎప్పుడు మొదలైంది? ధర్మపురి పాత పేరు తగడూరు. సంగకాలంలో దాన్ని ఏలిన అదియమాన్ పూర్వీకులు ఈ నేలకు చెరకు తెచ్చారని కవయిత్రి అవ్వైయార్ పురనానూరులో చెప్పింది. ఇప్పుడు పాప్పిరెడ్డిపట్టి పక్కన గోపాలపురంలో సహకార చక్కెర మిల్లే ఉంది. కొత్త పంట తెచ్చుకోవడం తప్పేమీ కాదు, రెండు వేల ఏళ్లుగా చేస్తున్నదే. కానీ ఆ చెరకు పక్కన మెట్ట అంతటా రాగి, సామ, కొర్ర, ఉలవ, అనుము ఉండేవి. బావి నీరు ఒక మూలకు, వాన నీరు మిగతా చేనంతటికీ. ఆ పొత్తు చెడింది మాత్రం మన కళ్ల ముందే.

చెడడానికి పెద్ద కారణం కంచంలో ఉంది. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. తమిళనాడులో 2011 నుంచి రేషను బియ్యం ఉచితమే. ఆ బియ్యం ఆకలి తీర్చింది. దాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవాడికి లేదు. అయితే ఆ మేలుతో పాటు సంగటి పేదవాడి తిండి, అన్నం గొప్పవాడి తిండి అన్న పాత చూపు ఇంకా బలపడింది. ఇంట్లో తినని ధాన్యాన్ని చేలో ఎవరు వేస్తారు? కిలో బియ్యం పండడానికి వాన, తడి కలిపి సుమారు 2,500 లీటర్ల నీరు పడుతుందని అంచనా. కావేరి డెల్టాలో మడి కట్టి పండించాల్సిన గింజను మెట్టసీమ మూడుపూటలా తినడం మొదలుపెట్టింది, తన చేలోని గింజను మరిచింది.

రాగి ఎండను ఎలా ఓర్చుకుంటుందో చూడండి. ప్రతి మొక్కా ఆకు మీది సన్నని రంధ్రాలు తెరిచి గాలి లోపలికి తీసుకుంటుంది. రంధ్రం తెరిచినంతసేపూ లోపలి నీరు ఆవిరై పోతుంది. వరికి, గోధుమకు ఉన్న ఏర్పాటు పాతది. ఎండ పెరిగితే కార్బన్ డయాక్సైడ్‌కు బదులు పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకుని శక్తి వృథా చేసుకుంటుంది. రాగి, సామ, కొర్ర, జొన్నల ఆకులో ముందుగది వంటిది ఒకటుంది. కార్బన్ డయాక్సైడ్‌ను అక్కడ పోగుచేసి చిక్కగా లోపలికి పంపుతుంది. అందువల్ల రంధ్రాలు కొంచెమే తెరిచినా పని జరుగుతుంది, నీరు మిగులుతుంది. శాస్త్రజ్ఞులు వీటిని సి4 మొక్కలంటారు. నెల రోజులు వాన మొహం చాటేస్తే ఆకు చుట్టుకుని ఓపిక పట్టి, ఒక జల్లు పడగానే మళ్లీ లేచే గుణం రాగికి ఇలా వచ్చింది.

2014లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఈ శతాబ్దం మధ్యకు చేరుకోగల స్థాయికి పెంచి పంటలు పండించి చూశారు. వరి, గోధుమ గింజల్లో జింకు, ఇనుము తగ్గాయి. సి4 జాతి పంటలపై ఆ దెబ్బ తక్కువ. గాలిలోని మార్పు గింజల తూకాన్నే కాదు, గింజలోని సత్తువనూ తీస్తోందన్నమాట. ఈ సంగతిని మన పోషకాహార చర్చల్లో ఇంకా ఎవరూ గట్టిగా పట్టించుకోవడం లేదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం వంద గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల క్యాల్షియం ఉంది. తెల్ల బియ్యంలో పది కూడా లేదు. తిండిలో క్యాల్షియం తక్కువైనవారిని ఫ్లోరైడ్ ఎక్కువగా పీడిస్తుంది. ఎముకకు బలమిచ్చే గింజను ఫ్లోరైడ్ నీళ్ల సీమే వదులుకోవడం నాకు ఎప్పుడు తలచుకున్నా బాధగానే ఉంటుంది.

అయితే రాగి వేసుకోండి అని చెప్పి లేచిపోతే సరిపోదు. ఎకరానికి వచ్చే డబ్బులో ఆకుతోటకు, టమాటాకు రాగి ఎన్నటికీ సాటి రాదు. కోతకు మనుషులు దొరకరు. అడవి అంచు చేలల్లో పందుల బెడద. సామకైతే గట్టి పొట్టు. ఈ జిల్లాలోని చిత్తేరి కొండల్లో సామ పండించే ఇళ్లలో ఆ పొట్టు తీయడానికి రోకలి పట్టింది ఆడవాళ్లే. మర వస్తేనే ఆ చేతులకు విడుపు. చిరుధాన్యాల గొప్పతనం గురించి నగరాల్లో జరిగే సభల్లో ఈ రోకలి మాట వినపడదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. ప్యాకెట్ల మీద బొమ్మలు పెరిగాయి, నగరంలో కిలో ధర పెరిగింది. ఆ పెరిగిన ధరలో చేనుగట్టుకు ఎంత చేరిందన్నదే అడగాల్సిన ప్రశ్న.

జవాబు వైపు ఒక అడుగు ఈ జిల్లాలోనే పడింది. తమిళనాడు ప్రభుత్వం రైతుల నుంచి మద్దతు ధరకు రాగులు కొని, 2023 నుంచి ధర్మపురి, నీలగిరి జిల్లాల రేషను దుకాణాల్లో రెండు కిలోల బియ్యం బదులు రెండు కిలోల రాగులు ఇవ్వడం మొదలుపెట్టింది. 2022-23లో క్వింటాలు రాగుల మద్దతు ధర 3,578 రూపాయలు, 2025-26కు 4,886. వరి ధాన్యం మద్దతు ధర ఇందులో సగానికి దగ్గరగా ఉంది. దీనికి ముందే తెలంగాణలో జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఊళ్లో పండిన జొన్నలు, కొర్రలు ఊళ్లోనే పంచుకునే రేషను నడిపి చూపించారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. పక్క ఊళ్లో పండిన గింజ పక్క ఊళ్లోనే ఉడికితే లారీ ప్రయాణం తగ్గుతుంది, నీరు నిలిచిన మడి తగ్గుతుంది, బోరు లోతు కొంతైనా ఆగుతుంది. కృష్ణగిరి జిల్లా పైయూరు పరిశోధన కేంద్రం ఈ మెట్టకు తగిన రాగి రకాలు ఎప్పుడో ఇచ్చింది. విత్తనానికి కొదవ లేదు.

వరి వద్దనడం లేదు. నీరున్న చోట వరే వేయాలి. మడిని ఎప్పుడూ నింపి ఉంచకుండా ఆరబెట్టి, మళ్లీ తడిపే పద్ధతిలో మీథేన్ మూడో వంతు దాకా, కొన్నిచోట్ల సగం దాకా తగ్గుతోంది. దిగుబడి పెద్దగా తగ్గడం లేదు. శ్రీ వరి చేసిన తెలుగు రైతులకు ఇది కొత్త మాట కాదు. ఆకుతోట కూడా ఉండాలి. కడత్తూరు సంత మీద బతికే ఇళ్లు ఎన్నో. ఆ తోటకు అవిశ నీడతో పాటు ఊరి చెరువు నిండడం ముఖ్యం. ఒక్క రోజులో 33 సెంటీమీటర్లు కురిసిన వాన చెరువులో నిలిస్తే పక్క బావి నీరు పైకొస్తుంది. కరెంటు లెక్క 250 యూనిట్ల నుంచి వెనక్కి నడుస్తుంది. పూడిక తీయని చెరువు మీద పడిన వాన ఏటిలో కలిసి సముద్రానికి పోతుంది.

మీ రేషను దుకాణంలో రాగులు ఇస్తుంటే తెచ్చుకోండి, ఇవ్వకపోతే అడగండి. వారానికి నాలుగు పూటలు సంగటి వండండి. వండినదాన్ని పారేయకండి. 2022లో ప్రపంచంలో ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు కలిసి పారేసిన తిండి 105 కోట్ల టన్నులు. ఈ ఏడాది ఊరి సభలో మాట్లాడే అవకాశం వస్తే, చెరువు పూడిక సంగతి మొదట ఎత్తండి.